రోజుకు మూడుసార్లు

ఆవిడ పోయిన కబురు నాకు నెల్లూరులో అందింది. పదహారో రోజు కార్యానికి ఆవిడ తమ్ముడి ఊరు ఏంబలం వెళ్ళాను. భోజనాలయ్యాక పెరట్లో చేయి కడుక్కుంటుంటే ఆవిడ తమ్ముడి కూతురు చెంబుతో నీళ్ళు పోస్తూ అంది: "మా అత్తకు కడాన మతిమరుపు వచ్చేసిందన్నా. ఎంత జ్ఞాపకం ఉండే మనిషి. ఆమెకే అట్ల అయింది."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు. నేను కూడా ఊపాను.

ఆవిడకు మతిమరుపు లేదు. ఆ సంగతి కచ్చితంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పెరట్లో చెప్పలేకపోయాను గనక ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ రాయడం సులువు. ఆవిడ బంధువులంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. ఆవిడ పేరు రాయను. ఆ పేరు పక్కన నా రాత ఉండడం ఆవిడకు మర్యాద కాదు.

అప్పట్లో అక్కడికి దగ్గరి పట్నంలో, అంతా తమిళం మాట్లాడే సారంలో, నాకొక బ్రౌజింగ్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ పలకలతో విడదీసిన ఆరు అరలు, అరకొక కంప్యూటరు, గుమ్మం దగ్గర నా బల్ల, ప్రింటరు. ఇంటింటికీ ఇంటర్నెట్ రాని రోజులు. పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి, హాల్ టికెట్లు తీసుకోవడానికి, ఉద్యోగాలకు దరఖాస్తులు పంపడానికి జనం వచ్చేవాళ్ళు. అరవై ఏళ్ళ ఆడమనిషి ఒంటరిగా రావడం అరుదు. ఆవిడ వచ్చిన రోజు చెప్పులు బయట విడిచి, గొడుగు మూలన ఆనించి లోపలికి వచ్చింది. నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడుతున్నాను. మాట్లాడడం అయ్యేదాకా నిలబడి, అడిగింది.

"తెలుగోళ్ళ అబ్బాయివా? యాడ మీది?"

"ఇక్కడే అత్తా. నాయన మిల్లులో పని చేసినాడు. చెప్పులతోనే రావచ్చు, పరవాలేదు."

"ఇన్ని మిషన్లు ఉండే చోట దుమ్ము ఎందుకు తంబీ." చివరి అరలోకి వెళ్ళి కూర్చుంది. నేను అలవాటుగా తెర లాగబోతే చేయి అడ్డం పెట్టింది. "తెరిచే పెట్టు. దొంగపనా ఏంది."

ఆ రోజు నుంచి రెండేళ్ళు ఆ చివరి అర ఆవిడది. పొద్దున పదకొండుకు వచ్చి ఒంటిగంటకు లేచేది. కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరాన్నీ రబ్బరు స్టాంపు వేసినట్టు వేసేది. కుడిచేతి చూపుడువేలు బాగా పైకెత్తి, దబ్బున ఒత్తి, సిరా అంటిందా లేదా అన్నట్టు తెరకేసి వంగి చూసేది. ముప్పై ఎనిమిదేళ్ళు ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు రూములో పని చేసిన వేలు అది.

ఆ రికార్డు రూము గురించి పాత ఉద్యోగులు ఇప్పటికీ చెబుతారు. కావలసిన ఫైలు ఎక్కడుందో రిజిస్టరు తెరవకుండానే చెప్పేదట. ఏ బీరువా, ఏ వరస, పైనుంచి ఎన్నో కట్ట. ఎలా గుర్తుంటుందని నేను అడిగితే చాలాసార్లు ఒకే జవాబు వచ్చింది. "యాడ పెట్టినానో గుర్తుపెట్టుకోను తంబీ. ఎందుకు పెట్టినానో గుర్తుపెట్టుకుంటాను. యాడ అనేది దానంతట అదే వస్తాది."

నా మీద కూడా ఆ జ్ఞాపకాన్ని ప్రయోగించేది. ఒకసారి ఎవరితోనో, సెంటర్ తెరిచింది ఒక శుక్రవారం అని చెబుతున్నాను. అరలోంచి గొంతు వచ్చింది. "శుక్రవారం కాదు, గురువారం. ఆ పొద్దు వాన. నీ బోర్డు తడిసి రంగు కారింది. నేను బస్సులోనుంచి చూసినాను." నేను పాత డైరీ తీసి చూశాను. గురువారమే. ఆవిడ నావైపు తిరిగి కూడా చూడలేదు. డైరీ చూడవలసి రావడమే నా తప్పన్నట్టు తన పని చేసుకుంటూ పోయింది.

ఇంట్లోనూ అంతే. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబానిది ఏంబలంలో వ్యవసాయం. ఎవరు ఏ నక్షత్రంలో పుట్టారు, ఏ పొలానికి ఎవరి గట్టు సరిహద్దు, ఏ ముసలాయన ఏ ఏడు పోయాడు, అన్నీ ఆవిడనే అడిగేవాళ్ళు. ఆ ఇంటికి పత్రాలు ఆవిడే. మనుషుల మీద ఆవిడకున్న అధికారమంతా అందులోనే ఉంది. అది తప్ప ఆవిడకు వేరే ఆస్తి అంటూ లేదు.

మా సెంటరుకు రావడానికి కారణం ఒక అవమానం. సర్వీసు చివరి ఏళ్ళలో, తెలుగు మాట్లాడే యానాం నుంచి ఒక అధికారి బదిలీ మీద వచ్చాడు. ఆవిడ సంతోషంగా ఆయనతో తెలుగులో మాట్లాడింది. ఆయన నవ్వి, అందరి ముందూ, "ఇదేం తెలుగమ్మా, తమిళానికి తెలుగు చొక్కా తొడిగినట్టుంది" అన్నాడట. ఆవిడ ఫైళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత ఆయనతో తెలుగే మాట్లాడలేదు, ఇంగ్లీషులోనే కానిచ్చింది. యానాం వెళ్ళొచ్చే ప్యూనుతో ఒకటో తరగతి వాచకం తెప్పించుకుంది. యాభై ఏడో ఏట అ ఆలు దిద్దింది.

"ఆయన తెలుగు పుస్తకంలో ఉండాది. మా అమ్మ తెలుగు ఏ పుస్తకంలోనూ లేదు. లేదు గాబట్టి నవ్వినాడు. ఉంటే నవ్వునా?"

పుస్తకం వేయించే శక్తి ఆవిడకు లేదు. ఎవరైనా వచ్చి మాటలు చేర్చగల నిఘంటువు సైటు ఒకటి ఉందని పత్రికలో చదివింది. పేరు నమోదు చేసుకుని, పాస్‌వర్డ్ పెట్టుకుని, మాట రాసి, అర్థం రాసి, మీట నొక్కితే లోకమంతా చూడవచ్చు. ఇంకొకరు వచ్చి దిద్దవచ్చు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడతాయి. ఆ కాగితం ముక్క కత్తిరించి నా బల్ల మీద పెట్టి, "ఇది చూపించు" అంది.

పేరు నమోదు చేసేటప్పుడు సైటు ఈమెయిలు అడిగింది. ఆవిడకు లేదు. కొత్తది తెరవడానికి పది నిమిషాలు పడుతుంది. నేను సెంటరు పనులకు వాడే ఈమెయిలు కొట్టేశాను. "ఇది ఎందుకు?" అని అడిగింది. "ఊరికే అత్తా, ఫారంలో గడి నింపాల" అన్నాను. పాస్‌వర్డ్ మాత్రం నన్ను పక్కకు తిరగమని తనే వేసుకుంది.

ఏంబలం పొలాల మాటలతో మొదలుపెట్టింది. కయ్య, మడవ, గెనిమ, కపిల. వాళ్ళమ్మ వంటింట్లో మాటలు, తిట్లు, పిల్లలను జోకొట్టే మాటలు. ఒక్కొక్కదానికి అర్థం రాయడానికి రెండు రోజులు కూడా తీసుకునేది. గెనిమకు ఇలా రాసింది: "రెండు కయ్యల నడుమ మన్నుతో ఎత్తుగా వేసే దారి. ఒక మనిషి నడిచేంత. ఇద్దరు ఎదురైతే ఒకరు కయ్యలోకి దిగవలె. ఎవరు దిగవలెనో అందరికీ తెలుసు."

సైటు నిర్వాహకుడు ఒకాయన చివరి వాక్యం తీసేశాడు. అర్థానికి అది అనవసరమని కింద రాశాడు. ఆవిడ చాలాసేపు చూసింది. "ఆయన ఎప్పుడూ దిగి ఉండడు" అంది. అంతే. మళ్ళీ చేర్చలేదు.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే. మధ్యాహ్నం కరెంటు పోతే కంప్యూటర్లన్నీ ఆరిపోయేవి, జనం వెళ్ళిపోయేవాళ్ళు. ఆవిడ వెళ్ళేది కాదు. ప్రింటరులో పాడైన కాగితాల వెనక పెన్నుతో గీసి, "ఇది ఏంది? ఇది?" అని అడిగేది. మా ఇంట్లో మూడు తరాల్లో తెలుగు చదవడం వచ్చిన మొదటివాణ్ణి నేను. సెంటర్ మూతపడ్డాక నెల్లూరులో ప్రెస్సులో డీటీపీ పని దొరికింది కూడా ఆ అక్షరాల వల్లే. ఈ రోజుకీ వాటితోనే బతుకుతున్నాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

రెండో ఏడు నాట్లప్పుడు ఆవిడ పది రోజులు ఏంబలం వెళ్ళింది. ఆ చివరి అరలో కంప్యూటరుకు ఆవిడ పాస్‌వర్డ్ గుర్తుండిపోయింది. సైటు తెరిస్తే ఆవిడ పేరుతోనే తెరుచుకునేది. ఒకరోజు ఒక తండ్రీ కూతురూ ప్రవేశపరీక్ష హాల్ టికెట్ కోసం హడావిడిగా వచ్చారు. ఆ ఒక్క కంప్యూటరే ఖాళీ. బ్రౌజరు తెరిచేసరికి ముందుగా ఆవిడ సైటే వచ్చింది, దాని ప్రకటన తెరనిండా నిలబడింది. భద్రత కోసం సభ్యులందరూ పాస్‌వర్డ్ మార్చుకోవాలి, వారంలో మార్చకపోతే ఖాతా ఆగిపోతుంది. పాత పాస్‌వర్డ్ గడి చుక్కలతో నిండి ఉంది. కొత్తది వేయడమే తరువాయి.

ఆవిడకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఏదో కొట్టాను. మళ్ళీ అదే కొట్టాను. పాస్‌వర్డ్ మారింది. ఒక కాగితం ముక్క మీద రాసి ప్రింటరు పక్కన పెట్టాను. ఏంబలం ఫోను నంబరు నా దగ్గర ఉంది. ఒక్క ఫోను చేసి ఉండవచ్చు. హాల్ టికెట్ వాళ్ళు తొందరపెడుతున్నారు. తర్వాత చేద్దామనుకున్నాను. ఆ వారంలోనే ఆ కంప్యూటరుకు వైరస్ పట్టింది. అంతా చెరిపి మళ్ళీ వేయించాను. కాగితం ముక్క ఊడ్చేవాళ్ళ చీపురుకు పోయింది.

ఆవిడ తిరిగొచ్చిన రోజు చేతిలో చిన్న నోటుబుక్కు ఉంది. నాట్లు వేసే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని రాసుకొచ్చిన మాటలు. ముఖం ఎండకు నల్లబడింది, కళ్ళలో మాత్రం పండగ. అరలో కూర్చుని పాస్‌వర్డ్ వేసింది. తెర ఒప్పుకోలేదు. మళ్ళీ వేసింది. ఒప్పుకోలేదు. అద్దాలు తుడుచుకుని, ఒక్కొక్క మీటనూ ఒత్తి మూడోసారి వేసింది. మూడుసార్లు తప్పు కొట్టారు, రేపటిదాకా వేచి ఉండండి అని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"తంబీ, ఇట్ల వా. ఇది ఏంది?"

నేను వెనక నిలబడ్డాను. చూడగానే అర్థమైంది. నేను కొట్టినదేమిటో గుర్తుచేసుకోబోయాను. రాలేదు. మా అమ్మ పేరా, బండి నంబరా, సెంటర్ పేరా, ఏదీ రాలేదు. పక్క అరల్లోంచి ఇద్దరు తొంగి చూస్తున్నారు. నా నోటినుంచి ఒక వాక్యం వచ్చింది.

"మీరు మరిచిపోయినట్టుండారు అత్తా."

ఆవిడ నావైపు తిరిగింది. కోపంతో కాదు. ఆ ముఖం మీద అంతకుముందు నేను చూడనిది, భయం కనిపించింది. "నేనా?" అంది, చాలా నెమ్మదిగా.

"వయసైతే అందరికీ అయ్యేదే" అన్నాను. ఆ రెండో వాక్యం ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటిది భయంతో వచ్చిందనుకున్నా, రెండోదానికి సాకు లేదు.

పాస్‌వర్డ్ మరిచిపోయారా అని సైటులో ఒక వరస ఉంటుంది. అది నొక్కితే ఈమెయిలుకు కొత్తది పంపామంది. ఆ ఈమెయిలు నేను వాడడం మానేసి ఏడాది దాటింది, వాడనందుకు వాళ్ళు మూసేశారు. "ఆ మెయిలు కంపెనీవాళ్ళు మూసేసినారత్తా" అని చెప్పాను. అది నిజమే. ఆవిడ దానికి ఎవరినీ తప్పుపట్టలేదు. "మెయిలు లేకపోయినా పరవాలేదు. నేను మరిచిపోకుండా ఉండాలిసింది" అంది.

మర్నాడు ఒక కొత్త నోటుబుక్కుతో వచ్చింది. అందులో రాత్రంతా కూర్చుని రాసిన జాబితా. తన పాస్‌వర్డ్ తనకు బాగా గుర్తుంది. కానీ అది తప్పని యంత్రం అంటోంది, నేనూ అన్నాను. కాబట్టి గుర్తుందనుకునేదే తప్పు అయి ఉండాలి. దాన్ని వదిలేసి, తను పెట్టుకుని ఉండగల వాటినన్నిటినీ వరసగా రాసింది. పెద్ద అక్షరంతో ఒకటి, చిన్న అక్షరంతో ఒకటి. అమ్మ పేరు, ఊరి పేరు, పొలం సర్వే నంబరు, ఉద్యోగంలో చేరిన తేదీ. పోయిన ఫైలును వెతికినట్టు, బీరువా తర్వాత బీరువా.

రోజుకు మూడుసార్లే కొట్టనిస్తారు. ఆవిడ పదకొండుకు వచ్చేది, చెప్పులు విడిచేది, మూడు కొట్టేది, మూడింటినీ నోటుబుక్కులో అడ్డంగా కొట్టేసేది, లేచేది. "రేపు చూద్దాం" అనేది. ఐదు నిమిషాల పని. ఐప్పసి నెలలో పడే పెద్ద వానలు మొదలై ముగిసేదాకా, మోకాళ్ళ లోతు నీళ్ళలో కూడా, ఆవిడ మానలేదు. గొడుగు ముడుస్తున్న చప్పుడు వింటే నేను ప్రింటరు వైపు తిరిగేవాణ్ణి. జాబితాలో ఎంత దూరం వెళ్ళినా అది దొరకదని నాకు తెలుసు, ఎందుకంటే అది ఆవిడ పెట్టింది కాదు. ప్రతిరోజూ ఇవాళ చెప్పేద్దామనుకునేవాణ్ణి. రోజులు గడిచేకొద్దీ చెప్పవలసింది పెద్దదైంది. మొదటి రోజు పాస్‌వర్డ్ మార్చానని చెబితే సరిపోయేది. నెల తర్వాత, నెలరోజులు మిమ్మల్ని చూస్తూ కూర్చున్నానని కూడా చెప్పాలి.

జాబితా అయిపోయాక నిర్వాహకుడికి విన్నపం రాసింది. తన ఆఫీసు పద్ధతిలోనే రాసింది. విషయం, సూచిక, పూర్వాపరాలు, ప్రార్థన. ఫలానా తేదీన ఫలానా మాట చేర్చాను, ఫలానా తేదీన తమరు ఫలానా వాక్యం తొలగించారు. తేదీలన్నీ జ్ఞాపకం నుంచే. నేను సైటులో సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు. మతిమరుపు మనిషి రాసిన కాగితం అది.

జవాబు ఇంగ్లీషులో రెండు వరసలు. నమోదైన ఈమెయిలు నుంచి తప్ప ఏ అభ్యర్థననూ పరిగణించలేము. కొత్త ఖాతా తెరుచుకోవచ్చు.

తెరిచింది. ఈసారి ఆవిడకు సొంత ఈమెయిలు కూడా చేసిచ్చాను. పాత ఖాతాలో రాసిన పేజీలను దిద్దబోతే, కొత్త సభ్యులకు అనుమతి లేదంది. పోనీలే అని నాట్లప్పుడు తెచ్చిన మాటలను కొత్తగా చేర్చింది. వాటికి తోడు, పాతవాటిలో అసంపూర్ణంగా వదిలిన కొన్నిటిని పూర్తిచేసి మళ్ళీ రాసింది. మూడో రోజుకు అన్నీ తీసేశారు. కారణం కింద ఉంది. "మీరు వేరొక సభ్యురాలి రచనను కాపీ చేస్తున్నారు. ఇంకొకసారి చేస్తే ఈ ఖాతా కూడా నిలిపివేస్తాము."

ఆవిడ ఆ వాక్యాన్ని పైకి చదివింది, ఒకటో తరగతి వాచకం చదివినట్టు, మాట మాట విడదీసి. తర్వాత జవాబు గడిలో చూపుడువేలితో కొట్టింది: "ఆ వేరొకరు నేనే."

నిర్వాహకుడు వెంటనే జవాబు రాశాడు. "రుజువు చేయగలరా?"

ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని నన్ను పిలిచి, ఎదురుగా కూర్చోమంది. అంతసేపు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"మా రికార్డు రూముకు ఒక కిటికీ ఉండేది తంబీ. ఒక అమ్మ వచ్చింది, కూలిపని చేసే అమ్మ. మొగుడి పేరుతో ఉండే పట్టా నకలు కావాల. నువ్వు ఆయన పెండ్లామని కాగితం యాడ అని అడిగినాను. లేదు అనింది. తీసుకురా పో అన్నాను. మూడు తూర్లు పంపించినాను. ఆ ఫైలు యాడుండాదో నాకు తెలుసు. ఆయన పెండ్లాం ఆమేనని కూడా తెలుసు, ఆయనతో కూడా వచ్చింది నేను చూసినాను. అయినా పంపించినాను. రూలు అట్ల. నాలుగో తూరి ఆమె రాలేదు."

"రూలంటే మీరేం చేస్తారు అత్తా" అన్నాను.

"ఈయన కూడా అదే చేస్తాండాడు. సరైన పనే. నాకు ఆ పొద్దు ఆమె ముఖం చూడాలని తోచలేదు. అంతే." నోటుబుక్కు మూసింది. "నాకు అన్నీ గుర్తుండాయి తంబీ. ఆమె చీర రంగు గుర్తుండాది. నేను పెట్టుకున్న ఒక్క మాట గుర్తు లేదు. ఇదేం మతి?"

చెప్పవలసిన క్షణం అదే. నాకూ తెలిసింది. ప్రింటరులో కాగితం ఇరుక్కుందని ఎవరో పిలిచారు. లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సెంటరుకు రాలేదు. అప్పుడప్పుడు దారిలో కనిపించేది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించుకుందట. ఆయన ఏవేవో అడిగి, ఏమీ లేదమ్మా, నాకంటే మీకే బాగా గుర్తుంది అన్నాడట. "ఆయనకు ఏం తెలుసు" అంది ఆవిడ. ఏంబలానికి ఒంటరిగా బస్సెక్కడం మానేసింది, దిగవలసిన చోటు మరిచిపోతానేమోనని. తలుపుకు తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి లాగి చూసేది. తమ్ముడి ఇంట్లో పెళ్ళి ముహూర్తానికి ఎవరిదో పుట్టిన తేదీ అడిగితే, "నన్ను అడగొద్దండి, నా మాట నమ్మేదానికి లేదు" అందట. ఒకసారి అలా అన్నాక వాళ్ళు అడగడం మానేశారు. అడగడం మానేస్తే జ్ఞాపకం ఉన్నా ఎవరికి తెలుస్తుంది? రెండు మూడేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడేటప్పుడు పిల్లలు మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళు. ఒక పండక్కి ఏంబలం వెళ్ళినప్పుడు అది నేను కళ్ళారా చూశాను.

సెంటర్ మూసేసి నెల్లూరు బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. మేడమీద ఒకే గది. కాఫీ కలుపుతానంది. వద్దని, నిలబడే చెప్పాను. హాల్ టికెట్, ప్రకటన, కాగితం ముక్క, వైరస్, అన్నీ. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆపకుండా చెప్పాను.

ఆవిడ మంచం అంచున కూర్చుని వింది. నేను ముగించాక నా ముఖంలోకి చూసింది.

"అంటే నేను మరిచిపోలేదంటావు."

"లేదత్తా. మీరు కొట్టింది సరైందే. నేను మార్చేసినాను."

"ఏమని మార్చినావు?"

నేను నోరు తెరిచాను. అన్నాళ్ళూ నెమరేసుకున్న ఏ పేరూ, ఏ నంబరూ అదే అని చెప్పే ధైర్యం ఇవ్వలేదు. "గుర్తు లేదు" అన్నాను.

ఆవిడ నవ్వింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు. "నీకు ముప్పై ఏండ్లు లేవు. నువ్వే కొట్టి, నువ్వే రాసిపెట్టి, నీకే గుర్తు లేదా? తంబీ, అబద్ధం చెప్పేటప్పుడు అన్నీ కుదిరేట్టు చెప్పాల."

"అబద్ధం కాదత్తా. నిజం."

"ఊరు విడిచి పోతాండావు. ముసల్ది మనసు కష్టపెట్టుకోకూడదని ఒక కథ అల్లుకొచ్చినావు. నువ్వు మంచోడివి." లేచి నా తల మీద చేయి పెట్టింది. "ఇట్ల నాకోసం ఎవరూ అబద్ధం చెప్పలేదు. పో, బస్సుకు టైమవుతాది."

ఇంకా నిలబడవచ్చు. ఆవిడ తమ్ముణ్ణి పిలిపించి ఆయన ఎదుట మళ్ళీ చెప్పవచ్చు. సైటు ఆ నెలలో అందరికీ పెట్టిన ప్రకటన వెతికి తీసి చూపించవచ్చు. ఆవిడకు కావలసిన రుజువు అదొక్కటే, అది దొరికేదే. బస్సు మరునాడు పొద్దున. నాకు ఒక రాత్రంతా ఉంది.

వస్తానత్తా అని మెట్లు దిగాను. వీధిలోకి వచ్చాక నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. చెప్పేశాను, ఆవిడ నమ్మలేదు, ఇక నా తప్పేముంది అనుకున్నాను. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను, వెంటనే నిద్ర పట్టింది.